మాట్లాడటానికే అయితే సైకాలజిస్టు ఎందుకు అని అడిగారు కదా

ఫ్రెండ్‌తో చెప్పుకుంటే తీరేదానికి సైకాలజిస్టుకు డబ్బులెందుకు అన్నది మీ ప్రశ్న. మాది చిత్తూరు. మా అక్క వైద్యం దగ్గరుండి చూసినవాణ్ణి. ఓదార్చేవాళ్లు మా ఇంట్లో కావాల్సినంత మంది ఉన్నారు. వాళ్ల ఓదార్పుతోనే అక్క జబ్బు ముదిరింది.

అక్కకు ఓసీడీ, అంటే వద్దనుకున్నా చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు. కడిగిన చేతులే కడగడం, తోమిన గిన్నే తోమడం. అత్తగారిది మడి పాటించే ఇల్లు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, పైగా ఎంత శుభ్రమో అని మెచ్చుకున్నారు. వేళ్లు పగిలి రక్తం కారినాక తిరుపతికి తీసుకెళ్లాం. అక్కడ సైకాలజిస్టు మేడమ్ అడిగింది: "మడి కట్టుకుంటే వంట అయ్యాకో పూజ అయ్యాకో విడుస్తావు. ఈ కడుక్కోవడం మాత్రం ఇంక చాలు అని ఎప్పుడైనా అనిపించిందామ్మా?" అక్క బోరున ఏడ్చింది.

ఆమె వాడిన పద్ధతి పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, ఈఆర్‌పీ అంటారు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు దీనికి దారి వేశాడు. భయపడేదాన్ని కావాలనే ముట్టుకోవాలి, ముట్టుకున్నాక కడుక్కోకూడదు. చిన్న భయం నుంచి పెద్ద భయం దాకా వరసగా రాయించి, కిందినుంచి మొదలుపెడతారు.

చెప్పుల వంతు వచ్చిన రోజు నేనూ ఉన్నా. గది బయట విడిచిన చెప్పు అడుగును వేలితో తాకి, అదే వేలు కొంగుకు రాసుకోమంది మేడమ్. అక్క చెయ్యి వణికిపోయింది. రాసుకుని వచ్చి కూర్చుంది.

"భయం వందకి ఎంతమ్మా?"

"తొంభై. కడుక్కొని వచ్చేస్తా మేడమ్."

"కూర్చో."

"ఏం కాదులే" అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. మధ్యమధ్యలో ఎంత అని అడిగింది, అంతే. చాలాసేపు తొంభై దగ్గరే నిలబడింది. తర్వాత ఎనభై, అరవై. చుక్క నీళ్లు తగలకుండానే భయం దిగిపోతుందని అక్కకు తెలిసొచ్చింది ఆ కుర్చీలోనే. ఇది ఏ ఫ్రెండ్ చేయిస్తాడు చెప్పండి?

అసలు పని ఇంటి దగ్గర. బస్సులో కడ్డీ పట్టుకుని వచ్చి, స్నానం చేయకుండా నేరుగా వంటింట్లోకి పోవాలి. బావకూ ఒక పని పెట్టారు. "గిన్నె శుభ్రంగా ఉండాదా?" అని అక్క అడిగినప్పుడల్లా "ఉండాదిలే మే" అనేవాడు. ఇక ఆ జవాబు చెప్పకూడదు. ఆ భరోసా కూడా కడుక్కోవడం లాంటిదే, కాసేపే నిలుస్తుంది, మళ్లీ అడిగిస్తుంది. మా అమ్మకు ఇది మింగుడుపడలేదు, "పెండ్లాన్ని ఏడిపిస్తావా నాయనా" అని అల్లుడితో గొడవ పడింది. బావ మెత్తబడలేదు. అక్క ఈరోజు నలుగురిలో కూర్చుని భోంచేస్తోందంటే సగం ఆయన వల్లే.

ఇంకో మాట. సెషన్‌లోకి ఇంటిల్లిపాదీ దూరిపోవడం మానాలి. అత్తగారి ఎదుట ఏ కోడలు నోరు విప్పుతుంది? కౌంటర్‌లో పేరుతో పాటు జబ్బు కూడా గట్టిగా పిలిచే చోట్లు ఉన్నాయి. అలాంటి చోటికి రెండోసారి పోవద్దు.

సైకాలజిస్టు మందులు రాయరు, అది సైకియాట్రిస్టు పని. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి వాళ్ల బాగాయం మానసిక వైద్య కేంద్రం దగ్గరే. బయటికి రాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు 14416 నంబర్‌లో ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు ఉంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ అడగండి, మొహమాటం వద్దు. మీ సమస్యకు ఏ పద్ధతి వాడతారు, ఇంటి దగ్గర చేయడానికి ఏం ఇస్తారు అని ఫోన్‌లోనే అడగండి. "ముందు రండి, మాట్లాడుకుందాం" అని దాటేస్తే ఇంకొకరిని చూసుకోండి.