కథ మళ్లీ చదివితే సిగ్గేస్తోంది!

ప్రశ్న: నేను కథలు రాస్తాను. రాసిన రాత్రి బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. మర్నాడు చదివితే ఒక్క వాక్యమూ నచ్చదు. మొదటి పేజీ దిద్దుతూనే ఉంటాను, కథ ముందుకు కదలదు. ఇలా నాలుగు కథలు సగంలో ఆగాయి, రెండు చింపేశాను. అసలు నాకు రాయడం వచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సగంలో ఆగిన కథను బట్టి ఆ సంగతి ఎవరూ చెప్పలేరు. చిక్కు మీరు చదువుకునే పద్ధతిలో ఉంది. రాసిన రాత్రి కథ ఇంకా మనసులో తిరుగుతుంటుంది కనుక కాగితం మీద లేనివి కూడా కనిపిస్తాయి. మర్నాటికి ఆ వేడి తగ్గి, రాసినంతే కనిపిస్తుంది. ఆ తేడాకే సిగ్గేస్తోంది.

కథ పూర్తయ్యేదాకా వెనక్కి వెళ్లి దిద్దకండి. కూర్చోగానే నిన్నటి చివరి రెండు పేరాలు చదివి, అక్కణ్నుంచి ఎత్తుకోండి. మధ్యలో అత్తగారి పాత్రను పిన్నిగా మార్చాలనిపిస్తే మార్జిన్‌లో ఒక ముక్క రాసుకుని, ఇకనుంచి ఆమె పిన్నే అన్నట్టు రాసుకుపోండి. మొదటి పేజీ ఎలాగూ నిలవదు. చాలా కథలు నిజానికి రెండో పేజీలోనే మొదలవుతాయి.

పూర్తయ్యాక కనీసం పదిహేను రోజులు బీరువాలో పడేయండి. తర్వాత మూడుసార్లు చదవాలి, వేర్వేరు రోజుల్లో. మొదటిసారి ఎక్కడ మీ దృష్టి పక్కకు పోయిందో అక్కడ పెన్సిల్‌తో నిలువు గీత, అంతే. దిద్దుబాటు వద్దు. రెండోసారి సన్నివేశాలు చూడండి. ఒక్కోదానిలో ఏం మారిందో ఒక్క వాక్యంలో విడిగా రాసుకోండి. ఏమీ మారలేదంటే దాన్ని తీసేయాలి, లేదా పక్కదానిలో కలపాలి. వాక్యాల పని మూడోసారికే, అదీ పైకి చదువుతూ. ఈ వరస తప్పితే ఏమవుతుందంటే, గంటసేపు చెక్కిన పేరా కథకు అక్కర్లేదని తెలిశాక కూడా కొట్టేయడానికి చేయి రాదు.

పైకి చదివితే కంటికి దొరకనివి చెవికి దొరుకుతాయి: వరసగా నాలుగు వాక్యాలు ‘డు’తో ముగియడం, ప్రతి మాట వెనకా ‘అన్నాడు’, ‘బదులిచ్చింది’ తగిలించడం, ‘ఎందుకో’, ‘ఒక్కసారిగా’ లాంటివి. పాత్ర మీ ఊరి యాసలో మాట్లాడుతూ పాఠ్యపుస్తకం భాషలో ఆలోచిస్తోందేమో కూడా చూడండి. ఇది మాత్రం చాలామందికి అచ్చయ్యాకే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ. ‘ఆమె గుండె బరువెక్కింది. ఏదో తెలియని బాధ మెలిపెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.’ చెప్పింది ఒకటే, మూడుసార్లు. మూడూ కొట్టేసి ‘పాలు పొంగి గట్టు మీదికి కారుతున్నా ఆమె అలాగే నిలబడింది’ అనండి చాలు. దాని వెనక ‘అంత బాధలో ఉంది’ అని మళ్లీ వివరించారో, చేసిన పనంతా వృథా.

ఇక తిట్టుకోవడం గురించి. ‘చెత్తగా ఉంది’ అని రాసుకుంటే దానితో చేయగలిగే పని ఏదీ లేదు. ‘మూడో పేజీ: సుశీల పుట్టింటికి ఎందుకెళ్లిందో తెలియడం లేదు’ అంటే ఉంది. పేజీ నంబరూ, అక్కడ చేయాల్సిన పనీ లేని విమర్శను కొట్టేయండి.

చింపొద్దు. ‘కన్యాశుల్కం’ తొలి ప్రదర్శన 1892లో, అచ్చు 1897లో. గురజాడ దాన్ని దాదాపు కొత్తగా రాసి 1909లో మళ్లీ వేయించారు. మనం చదువుతున్నది ఆ రెండోదే. మీ సగం కథలకూ ఒక ఫైలు పెట్టి, పైన తేదీ వేయండి.

దిద్దడం ఎప్పుడు ఆపాలంటారా? నిన్న మార్చిన మాటను ఇవాళ మళ్లీ పాత మాటకే తెచ్చారంటే ఆ కథ పంపేయొచ్చు.

ప్రశ్న: కథ వాట్సాప్‌లో పంపితే స్నేహితులంతా ‘సూపర్’ అంటారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: పూర్తిగా చదివారో లేదో కూడా ఆ మాటను బట్టి తెలియదు. ఇద్దరిని ఎంచుకుని, ఎలా ఉందని కాకుండా రెండే అడగండి: ఎక్కడ ఆగి వెనక్కి వెళ్లి చదవాల్సి వచ్చింది? కథేమిటో రెండు వాక్యాల్లో చెప్పగలరా? ఇద్దరూ ఒకేచోట ఆగితే అక్కడ దిద్దండి. ఒక్కరే ఆగితే నిర్ణయం మీది.