లోతుకు పోతే ఉప్పునీరెందుకు?

ప్రశ్న: మాది విశాఖపట్నం. కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా అత్తవారింట్లో 15 అడుగుల నూతిలో నీళ్లు కమ్మగా ఉంటాయి. అదే పెరట్లో కిందటేడు 150 అడుగుల బోరు వేయిస్తే నోట పెట్టలేనంత ఉప్పు. లోతుకు పోయేకొద్దీ మంచినీరు పడుతుందంటారు కదా? ఇక్కడ మా అపార్టుమెంటు బోరు నీళ్లేమో ఉప్పగా లేకపోయినా బకెట్లకు తెల్లటి చారలు కడుతున్నాయి. రెండింటికీ కారణం ఒకటేనా? – ఒక పాఠకురాలు

జవాబు: ఒకటి కాదు. కోనసీమ నేల గోదావరి మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు, బంకమన్ను పొరలుపొరలుగా పేరుకోగా ఏర్పడినది. సముద్రపు అంచున పేరుకున్న అడుగు పొరల్లో ఇసుక రేణువుల మధ్య చిక్కిన నాటి ఉప్పునీరు, పైన బంకమన్ను మూతపడడంతో కదలకుండా నిలిచిపోతుంది. మీ నూతిలో ఊరేది వాననీరు, కాలువల నుంచి ఇంకిన నీరు. ఉప్పునీటికంటే తేలిక కనుక దానిమీద తేలుతూ ఉంటుంది. తీరప్రాంతంలో నీటిమట్టం సముద్రమట్టం కంటే ఒక మీటరు ఎత్తున ఉంటే, దిగువన సుమారు 40 మీటర్ల వరకు మంచినీరు ఉంటుందని లెక్క. కాబట్టి మోటారుతో ఆ మట్టాన్ని కొద్దిగా దించినా ఉప్పునీరు కింది నుంచి చాలా పైకి ఎగదన్నుతుంది. చేదతో తోడుకున్న పెద్దలకు ఈ లెక్క తెలియకపోయినా నుయ్యి మాత్రం చెడలేదు.

అలాగని లోతంతా ఉప్పేనని కాదు; రాజమహేంద్రవరం ఇసుకరాతి మెట్టల్లో లోతైన బోర్లు మంచినీళ్లే ఇస్తాయి. బంకమన్ను గుండా మెల్లగా సాగే మంచినీటిలోని కాల్షియాన్ని మట్టి పట్టుకొని సోడియాన్ని వదులుతుంది కనుక, ఆ నీటితో సబ్బు బాగా నురుగుతుంది గానీ, పొలానికి పెడితే నేల బిగుసుకుపోతుంది. ఉప్పునీరు చొరబడినప్పుడు ఇదే తిరగబడి, నీటిలో ఉప్పుతోపాటు కాల్షియం కూడా పెరుగుతుంది.

విశాఖలో ఎక్కువగా ఉన్నది ఖోండలైటు వంటి గట్టి రాయి. మీ బకెట్ల చారలు ఆ రాతి పగుళ్లలోని నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలవి. ఈ లవణాల వల్ల నీటికి వచ్చే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది; వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. టీడీఎస్ మీటరు మొత్తం లవణాలను మాత్రమే చూపుతుంది, 45 మిల్లీగ్రాములు దాటకూడని నైట్రేటును విడిగా చెప్పలేదు. అందుకు ప్రయోగశాల పరీక్షే దారి.

కోనసీమ బోరును వదిలేయదలిస్తే, అడుగు నుంచి బంకమన్నుతో గట్టిగా పూడ్పించండి. తెరిచి ఉంచిన గొట్టం వెంట ఉప్పునీరు నూతి పొరలోకి ఎక్కగలదు.