సెక్షన్ 34 వేసినంత మాత్రాన స్టే వచ్చినట్టు కాదు

గాజువాక సోదరా, డ్రైనేజీ పనికి ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) తీర్పుగా 62 లక్షల అవార్డు మీకు వచ్చింది, దాన్ని కొట్టేయమని శాఖవాళ్లు ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద కోర్టులో సవాలు చేశారు, ఇక డబ్బు ఆగిపోయినట్టేనా అని అడిగారు. ఆగలేదండి. అది 2015కి ముందు మాట. అప్పట్లో పిటిషన్ పడితే చాలు, అమలు దానంతట అదే నిలిచిపోయేది. ఇప్పుడు సెక్షన్ 36 ప్రకారం స్టే కోసం విడిగా దరఖాస్తు పెట్టాలి, కోర్టు కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి.

స్టే ఇచ్చేందుకు అవార్డు సొమ్ము కోర్టులో డిపాజిట్ చేయమని షరతు పెట్టొచ్చు. దానికి "మేం ప్రభుత్వం, డిపాజిట్ కట్టక్కర్లేదు" అంటారు చూడండి, అసలు పేచీ అక్కడే. ప్రభుత్వాన్ని హామీ అడగక్కర్లేదనే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 27, రూల్ 8ఎ చూపిస్తారు. పామ్ డెవలపర్స్ వర్సెస్ పశ్చిమ బెంగాల్ కేసులో 2019లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఆర్బిట్రేషన్ చట్టం కింద ప్రభుత్వానికి ప్రత్యేక మర్యాద లేదంది. ఆ తీర్పు కాపీ మీ కౌంటర్‌కి (స్టే దరఖాస్తుకి మీ జవాబుకి) జతచేయించండి. మొత్తం డిపాజిట్ చేయమనండి, బ్యాంకు గ్యారంటీ ఇచ్చి దాన్ని మీరు తీసుకునే అనుమతీ అడగండి. గ్యారంటీకి బ్యాంకులో మార్జిన్ (కొంత సొమ్ము) కట్టాలి, అదొక తలనొప్పే.

అవార్డు మోసంతోనో అవినీతితోనో వచ్చిందని పైకే కనిపిస్తే మాత్రం షరతుల్లేని స్టే ఇవ్వాలి. 2021 సవరణ అది. మీ కేసులో ఆ ఆరోపణ లేదన్నారు కదా.

స్టే ఉత్తర్వు ఇంకా రాలేదు కాబట్టి ముందు విశాఖ కమర్షియల్ కోర్టులో ఈపీ (అవార్డు అమలు చేయమనే పిటిషన్) వేయించండి.