టీచరమ్మకు ఉత్తరం: కొలంబస్ పడవ, రాణిగారి రొట్టె, మన శెనక్కాయ

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. ‘కొలంబస్ బయల్దేరేదాకా లోకమంతా భూమి బల్లపరుపుగా ఉందనే అనుకునేది, అంచు దాకా పోతే పడిపోతామని నావికులు భయపడ్డారు’ అని క్లాసులో చెప్పారంట. వాళ్ల మామయ్య ఫోనుకు వచ్చిన మెసేజ్‌లో అది కట్టుకథ అని ఉంది. పాపను ఏది నమ్మమంటారు?
– ఒక తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: మెసేజ్‌లో వచ్చిందే నిజమమ్మా. ఈ మాట రాయడానికి నాకు మనసు కష్టంగా ఉంది. పుత్తూరు దగ్గర హైస్కూల్లో పన్నెండేళ్లు నేనూ ఈ కథే చెప్పాను. బల్ల మీద పెన్సిలు దొర్లించి, అంచు దాటి టక్కున కింద పడగానే ‘ఇదీ వాళ్ల భయం’ అనేదాన్ని. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. వాళ్లిప్పుడు తమ పిల్లలకు అదే చెప్తుంటారని తలుచుకుంటే బాధేస్తుంది.

కొలంబస్‌కు పదిహేడు వందల ఏళ్ల ముందే ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. దక్షిణాన సయీన్ ఊళ్లో (ఇప్పటి అస్వాన్) ఏడాదిలో పగలు ఎక్కువుండే రోజున మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అదే వేళకు ఉత్తరాన అలెగ్జాండ్రియాలో నిలబెట్టిన కట్టెకు నీడ పడుతుంది. ఆ నీడ కోణం వృత్తంలో యాభయ్యో వంతు. రెండు ఊళ్ల మధ్య దూరాన్ని యాభైతో గుణిస్తే భూమి చుట్టుకొలత. మన ఆర్యభటుడు 499లో భూమిని కదంబ పువ్వుతో పోల్చాడు. గుండ్రటి బంతి చుట్టూ పూరేకులు నిలబడినట్టు భూగోళం చుట్టూ ప్రాణులున్నాయన్నాడు. యూరప్ విశ్వవిద్యాలయాల్లోనూ 13వ శతాబ్దం నుంచి సాక్రోబోస్కో అనే పండితుడు రాసిన, భూమి గుండ్రమని చెప్పే గోళశాస్త్రం పాఠ్యపుస్తకంగా ఉండేది.

మరి కొలంబస్‌తో పండితులకు తగువెక్కడ? భూమి ఆకారం దగ్గర కాదు, కొలత దగ్గర. కానరీ దీవుల నుంచి పడమరగా పోతే నాలుగున్నర వేల కిలోమీటర్లలో జపాన్ తగులుతుందని ఆయన లెక్క. నిజానికది పంతొమ్మిది వేలకు పైమాటే. అంత దూరానికి సరిపడా తిండీ నీళ్లూ ఏ ఓడా మోయలేదని పండితులు కాదన్నారు. వాళ్లే కరెక్టు. దారిలో అమెరికా అడ్డం రాకపోయుంటే ఆ మూడు ఓడల మనుషులూ దాహంతో పోయేవాళ్లు. 1492 అక్టోబరు 12న నేల కనబడింది కాబట్టి బతికారు. బల్లపరుపు కథను ఊరూరా చేర్చింది మాత్రం 1828లో వాషింగ్టన్ ఇర్వింగ్ అనే అమెరికా కథకుడు రాసిన కొలంబస్ జీవితకథ. అంటే కథ వయసు రెండు వందల ఏళ్లే.

ఇది తెలిశాక నేను పెన్సిలు దొర్లించడం మానేసి, పిల్లలను ఎండలోకి తీసుకుపోయాను. మన తిరుపతిలో ఏప్రిల్ చివరి వారంలో ఒకరోజు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మీటరు కట్టె నాటితే మిట్టమధ్యాహ్నం దాని నీడ దాని కాళ్ల కిందికే పోతుంది. ఆ రోజు సెలవైనా ఏడుగురు పిల్లలు మా మిద్దె మీదికి వచ్చారు. ఒక పాప వాళ్ల చిన్నాన్న హైదరాబాదులో ఉంటే, ఆయన్నీ అదే పొడుగు కట్టె నాటమన్నాం. ఇక్కడ నీడ మాయం. అక్కడ ఆరున్నర సెంటీమీటర్లు. ఆ నీడకు కోణం 3.7 డిగ్రీల చిల్లర. మనకూ హైదరాబాదుకూ ఉత్తర దక్షిణాలుగా దూరం 415 కిలోమీటర్లు. లెక్క చేస్తే భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్ల దగ్గరికి వచ్చింది. అసలు కొలతా అంతే. కాలుతున్న మిద్దె మీద చెప్పుల్లేకుండా ఎగిరారు పిల్లలు. మీ పాప చేత కూడా వచ్చే ఏప్రిల్లో ఈ పని చేయించండమ్మా. శ్రీకాళహస్తిలోనూ దాదాపు అదే రోజు.

ప్రశ్న: ‘రొట్టె లేకపోతే కేకు తినండి’ అని ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్ నిజంగా అన్నదా? గ్రూప్స్ కోచింగులో చెప్పారు.
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: అన్నదనడానికి ఆధారం లేదు నాయనా. రూసో అనే రచయిత తన ఆత్మకథలో ‘ఒక గొప్ప రాకుమారి’ ఇలా అన్నదని రాశాడు, పేరు చెప్పలేదు. ఆ భాగం రాసింది 1765 ప్రాంతంలో. అప్పటికి మేరీ ఆంటోనెట్ వియన్నాలో పదేళ్ల పిల్ల. ఫ్రాన్సులో కాలు పెట్టింది 1770లో. పైగా ఆ మాటలో ఉన్నది కేకు కూడా కాదు, బ్రియోష్. వెన్న, గుడ్లు వేసి చేసే మెత్తటి రొట్టె.

రాణి దుబారా మనిషి కాదని నేననను. కానీ ఈ ఒక్క మాట పట్టుకుంటే అసలు సంగతి జారిపోతుంది. 1788 జూలైలో వడగళ్ల వాన పంటను కొట్టేసింది. ఆ వెనకే గడ్డకట్టే చలికాలం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి సాయం చేసి రాజ్యం అప్పుల్లో మునిగి ఉంది. మరుసటేడు జూలైకి పారిస్‌లో రొట్టె ధర కూలివాడికి అందనంత ఎత్తుకు పోయింది. అక్టోబరు 5న వేలమంది ఆడవాళ్లు పారిస్ నుంచి రాజుండే వెర్సాయ్ దాకా వానలో నడిచారు, రొట్టె కోసం. 1952 కరువులో గంజి కేంద్రం ముందు సత్తు గిన్నె పట్టుకుని వరసలో నిలబడిన సంగతి మా అవ్వ చెప్పేది. రాణి నోట పెట్టిన ఆ మాటకంటే ఆ నడక నీకు గుర్తుండాలని నా ఆశ.

ప్రశ్న: రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: క్రీ.శ. 64లో రోమ్ కాలింది. ఫిడేలు పుట్టింది 16వ శతాబ్దంలో. నీరో చక్రవర్తి అప్పుడు ఆంటియమ్ అనే ఊళ్లో ఉన్నాడనీ, తిరిగొచ్చి ఇళ్లు పోయినవాళ్లకు తన తోటలు తెరిపించాడనీ టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు రాశాడు. ట్రాయ్ నగరం కాలిపోవడం మీద నీరో పాట పాడాడన్న పుకారు ఆనాడే ఉండేదని కూడా ఆయనే రాశాడు.

సవరణ: పోయిన నెల నెపోలియన్ ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలని రాశాను. అవి ఫ్రెంచి అంగుళాలు, మన అంగుళం కంటే పెద్దవి. సెంటీమీటర్లలో దాదాపు 168. ఆ కాలానికి పొట్టి కాదు. ఎత్తిచూపిన కొర్లగుంట పాఠకుడికి నా కృతజ్ఞతలు.

ప్రశ్న: మేడమ్, మా తాతల నుంచి శెనక్కాయ పండిస్తున్నాం. ఇది మన పంట కాదు, అమెరికా నుంచి వచ్చిందని మావాడు అంటాడు. ఇది కూడా తెల్లోళ్లు రాసిన అబద్ధమే కదా? మా చేలో కాయలు కొన్ని పంపిస్తున్నాను.
– ఒక రైతు, పీలేరు

జవాబు: కాయలు అందాయన్నా, సంతోషం. కానీ మీవాడు చెప్పింది నిజం. దీన్ని ఎవరో రాశారని నమ్మక్కర్లేదు. శెనక్కాయకు అడవిలో పెరిగే చుట్టపక్కాలన్నీ ఒక్క దక్షిణ అమెరికాలోనే ఉన్నాయి. మన వైపు పెద్ద ఎత్తున సాగైంది 19వ శతాబ్దంలో. మిరపా, టమోటా కూడా ఆ ఖండాల నుంచి వచ్చినవే. మిరపను పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో తెచ్చారు. అంతకుముందు మన కారం మిరియమే. తద్దినం వంటలో ఈనాటికీ మిరపకాయ వాడని ఇళ్లున్నాయి, అక్కడ మిరియాలే వేస్తారు. రాగిసంగటిలోకి మనం నంజుకునే ఊరుబిండిలో శెనక్కాయా మిరపకాయా రెండూ సముద్రం దాటి వచ్చినవే. మీ తాతల చెమట దానివల్ల తక్కువైపోదు.

పెరూ దేశంలో సిపాన్ అనే చోట 1987లో ఒక దొర సమాధి బయటపడింది. పదిహేడు వందల ఏళ్ల నాటిది. ఆయన మెడలో మన మామిడిపిందెల హారం లాంటిదే ఒకటుంది, కాకపోతే అవి పిందెలు కావు, బంగారంతో, వెండితో చేసిన శెనక్కాయలు. ఆ హారం ఫొటో పక్కన మీరు పంపిన కాయ ఒకటి పెట్టి చూశాను. అదే నడుము నొక్కు, పొట్టు మీద అవే గళ్లు.