‘ఆవిడ’ ఎవరు, ‘అది’ ఎవరు?

ప్రశ్న: మేడమ్, నేను లా మూడో సంవత్సరం. తన మీద అత్యాచారానికి వచ్చిన జైలరును పొడిచి చంపి, నిర్దోషిగా బయటపడ్డ జోన్ లిటిల్ కేసు మీద సెమినార్ ఇచ్చాను. ఇది నల్లజాతి స్త్రీ కథ అన్నాను. మా సీనియర్ ఒకాయన, “జైల్లో ఒక మగాడు, ఒక ఆడమనిషి. మధ్యలో రంగెందుకు తెచ్చావ్?” అన్నాడు. నాకు నోరు పెగల్లేదు.
- ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేనూ మీ సీనియర్‌లాగే అనుకునేదాన్ని తల్లీ. ఒకసారి లీగల్ ఎయిడ్ తరఫున ఓ మహిళా జైలుకెళ్లాను. రిమాండులో ఇద్దరు. ఇద్దరిదీ బంగారం దొంగతనమే, ఉన్నదీ ఒకే బ్యారక్. కాగితాలు ఇస్తూ అక్కడి ఉద్యోగి ఒకామెను చూపించి, “ఆవిడ పాపం, ఏదో పొరపాటున...” అన్నాడు. రెండో ఆమె ఎరుకల మనిషి. “అదా? దానికిది అలవాటే మేడమ్.” అప్పటికి ఇద్దరిలో ఎవరి విచారణా మొదలవలేదు.

ఆ ‘అది’ని చెవిలో ఉంచుకుని నీ కేసు మళ్లీ చదువు. 1974 ఆగస్టు 27, అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో వాషింగ్టన్ అనే చిన్న ఊరు (రాజధాని కాదు సుమా). దొంగతనం కేసులో శిక్షపడి, అప్పీలు తేలక కౌంటీ జైల్లో ఉంది జోన్ లిటిల్. ఇరవై దాటీ దాటని వయసు. ఆమె గదిలో, ఆమె పడుకునే మంచం మీద, అరవై రెండేళ్ల తెల్ల జైలర్ శవం. నడుం కింద బట్టల్లేవు. ఒంటిమీద ఐస్‌గడ్డలు పొడిచే ఊచతో పదకొండు పోట్లు. ఆ ఊచ ఉండేది అతని సొరుగులోనే. మహిళా ఖైదీలకు మహిళలే కాపలా ఉండాలని ఐక్యరాజ్యసమితి నియమాలు 1955లోనే చెప్పాయి. ఆ రాత్రి ఆమెకు కాపలా ఆ మగాడే.

ఇంతవరకూ మీ సీనియర్ మాటే నిజం. రంగు కోర్టులో బయటపడింది. పారిపోవడానికి ఆమే అతణ్ణి వలలో వేసుకుందన్నది ప్రాసిక్యూషన్ వాదన. దీన్ని వాళ్లు కొత్తగా కల్పించక్కర్లేదు. బానిసత్వం రోజుల్లో అక్కడి దక్షిణాది చట్టాల ప్రకారం నల్ల బానిస స్త్రీ మీద అత్యాచారం నేరమే కాదు. చట్టం పోయినా “దానికి అలవాటే” అన్న నమ్మకం మిగిలింది. నేరం రుజువైతే ఆ రాష్ట్రంలో అప్పుడు మరణశిక్ష ఖాయం. సొంత ఊళ్లో న్యాయం జరగదని ఆమె లాయర్లు పోరి, విచారణను రాలీ నగరానికి మార్పించుకున్నారు. జ్యూరీలో, అంటే దోషా కాదా అని తేల్చే మామూలు పౌరుల బృందంలో, ఆరుగురు నల్లవాళ్లు, ఆరుగురు తెల్లవాళ్లు. 1975 ఆగస్టు 15న తీర్పు చెప్పడానికి వాళ్లకు గంటన్నర కూడా పట్టలేదు.

పిలుపు చిన్న విషయం అనుకోకు. అలబామా కోర్టులో మేరీ హామిల్టన్ అనే నల్లజాతి ఉద్యమకారిణిని వట్టి ‘మేరీ’ అని పిలిచారు. తెల్లవాళ్లకు ఇచ్చే మర్యాదే తనకూ ఇచ్చి ‘మిస్ హామిల్టన్’ అంటేనే పలుకుతానందామె. అందుకు ధిక్కారం కింద జైలు, జరిమానా! 1964లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అన్నట్టు, లిటిల్ పేరు మనం ‘జోన్’ అని చదువుతాం గానీ ఆమె ‘జో ఆన్’ అని పలికేది. ఈసారి సెమినార్లో సరిదిద్దుకో.

మీ సీనియర్ ఇంకా వాదిస్తే 1978 నాటి మన హైదరాబాద్ రమీజాబీ కేసు చదవమను. స్టేషన్లో పోలీసులు అత్యాచారం చేశారు, ఆమె భర్తను కొట్టి చంపారు. ఆమె పేద ముస్లిం. పోలీసులు ఎత్తుకున్న మొదటి మాట, ఆమె వ్యభిచారిణి అని. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ఆమెను నమ్మింది. తర్వాత రాయచూరుకు బదిలీ అయిన కేసులో కోర్టు పోలీసుల్ని వదిలేసింది.

నీ పేపర్లో తీర్పుతోనే ఆపి ఉంటావు. దొంగతనం శిక్ష అలాగే ఉంది కదా, జోన్ లిటిల్ మళ్లీ జైలుకే వెళ్లింది. 1977లో తప్పించుకుంటే న్యూయార్క్‌లో పట్టుకుని వెనక్కి పంపారు. బయటికొచ్చింది 1979లో.