మీ నాయన బండి మీద చెయ్యి వేసే ముందు

హన్మకొండ

చిరంజీవి అల్లునికి మామ ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మా అక్క ఫోన్ చేసింది. "నీ అల్లుడు నౌకరికి సెలవు పెట్టి, క్వారీల తుప్పు పట్టిన లోడర్ను ఇంటికి తెస్తున్నడట, జర నువ్వన్న చెప్పు" అన్నది. ఏ లోడర్ అని అడిగితే, "వాళ్ల నాయన నడిపిందే" అని ఇంకేం మాట్లాడలే. ఆ మాట విన్నంక నాకు నిద్ర పట్టలే. మస్తు సంతోషమైంది, ఎందుకు దాచుకోవాలె? కొడుకులు నాయన భూమి అడుగుతరు, ఇల్లు అడుగుతరు. నాయన పట్టుకున్న లివర్లు కావాలన్నోన్ని నిన్నే చూస్తున్న. కానీ తెల్లారేసరికి సంతోషం కంటే భయమే ఎక్కువైంది. ఫోన్ల చెప్తే "సరే మామా" అని పెట్టేస్తవు, అందుకే రాస్తున్న. నిమ్మళంగ కూసొని చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పి పక్కకు పెడ్త. తూకం లెక్కన కొన్నా సరే, అమ్మినోళ్ల దగ్గర బిల్లు తీసుకో. నంబర్ పలకను ఫోటో తీసి పెట్టుకో. డీజిల్ ట్యాంకు ఊడదీసి కడుగు. స్టార్టర్ కొట్టే ముందు ఇంజన్ను చేత్తో తిప్పి చూడు, పట్టేసి ఉంటే బలవంతం చెయ్యకు. నూనెలన్నీ మార్చు. పారబోసే ముందు పాత నూనెను వేళ్ల నడుమ రుద్ది చూడు: తెల్లగ చిక్కబడి ఉంటే నీళ్లు కలిసినయి, మెరిసే రజను కనబడితే లోపల బేరింగో గేరో అరుగుతున్నది. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఆ బండి మోడల్ పేరు హిందూస్థాన్ 2021. అంబాసిడర్ కారు చేసిన హిందూస్థాన్ మోటార్స్ వాళ్లే తమిళనాడుల తిరువళ్లూరు ఫ్యాక్టరీల చేసేటోళ్లు. తర్వాత ఆ ఎర్త్‌మూవింగ్ విభాగాన్ని క్యాటర్‌పిల్లర్ వాళ్లు కొన్నరు. కొత్త పార్టుల కోసం షోరూముల చుట్టు తిరిగి కాళ్లరిగించుకోకు. సీళ్లు, బేరింగులు, హోస్ పైపులు కొలతను బట్టి దొరుకుతయి. పాత ముక్కను చేతుల పట్టుకొని వరంగల్ ఆటోనగర్ పోతే సగం పని అయితది. పిన్నులు, బుష్షులు లేత్ మీద చేయించు.

మీ నాయన ఆ బండి ఎక్కిననాటికి నువ్వు ఇంకా బడికి పోతలేవు. అంతకు ముందు ఆయన గోదావరిఖని దిక్కు బొగ్గు యార్డుల కాంట్రాక్టు లోడర్ నడిపిండు. కుప్ప పోసిన బొగ్గు ఊకెనే ఉండది బిడ్డా. గాలి తగిలి లోపల్లోపలనే వేడెక్కి, తనంతట తనే అంటుకుంటది. పొగ లేచిన దిక్కు బకెట్ పెట్టి, కాలుతున్న బొగ్గును తవ్వి పలుచగ పరిచేటోడు, ఇంకొకడు పైపుతోని నీళ్లు కొట్టేటోడు. దిగినంక మీ నాయన ముందుగాల చూసేది టైర్లను. తాకేటోడు కాదు, చెయ్యి దూరంగ పెట్టి సెగ చూసేటోడు. దగ్గరికి పోవుడు గూడ టైరు పక్క నుంచి పోయేటోడు కాదు, ఎప్పుడూ గుడ్డ దిక్కు నుంచే, అంటే నేలకు ఆనే పట్టా దిక్కు నుంచి. ఎందుకు బావా అంటే, "పగిలితే పక్కకే పగులుతది" అన్నడు. అప్పుడు నేను మెకానిక్ షెడ్ల కొత్త. ఆ మాట విలువ నాకు ఎరుకలే.

అసలు సంగతికి వస్తున్న. నీ బండి రిమ్ముల గురించి.

మేమిద్దరం కరీంనగర్ దిక్కు ఒక గ్రానైట్ క్వారీల చేరినంక జరిగింది ఇది. అక్కడ మీ నాయన 2021 మీద మొరం, రాతి ముక్కలు ఎత్తేటోడు. బ్లాకులు ఎత్తేందుకు వేరే పెద్ద లోడర్ ఉండె. దాని ముందు చక్రం రిమ్ముకు అంచు దగ్గర పగులు వచ్చింది. కాకినాడ పోర్టుకు పోయే బ్లాకులు రైలుకు ఎక్కించాలె, బండి సాయంత్రానికి నడువాలె అని పైనుంచి ఒకటే తొందర. మా షెడ్డు పెద్దమిస్త్రీ తెలివిలేనోడు కాదు. నా చేతికి స్పానర్ పట్టుకునుడు నేర్పినోడు. ఆయన వాల్వ్ పిన్ను విప్పిండు, గాలంతా పోయేదాక నిలబడ్డడు, పిన్నును ఒక ఇటుక మీద పెట్టిండు. "గాలి తీసినం గదా, ఇంకేముంటది" అని, టైరు రిమ్ము మీద ఉండంగనే వెల్డింగ్ మొదలుపెట్టిండు.

నేను చక్రానికి పక్కన నిలబడి చూస్తున్న. మీ నాయన చాయ్ గ్లాసుతోని అటు నుంచి వస్తున్నడు. వాల్వ్ బొక్కల నుంచి సన్నగ పొగ వస్తున్నది. అది వెల్డింగ్ పొగే అనుకున్న నేను. ఆయనకు రబ్బరు కాలిన వాసన తగిలింది. "ఆపు, ఆపు" అని ఒర్రిండు. మిస్త్రీ ముఖానికి షీల్డ్ ఉన్నది, జనరేటర్ నడుస్తున్నది, ఇనబడలే. మీ నాయన గ్లాసు ఇసిరేసి నా అంగీ పట్టి ముందుకు, టైరు గుడ్డ దిక్కు గుంజిండు. నేను కింద పడ్డ. పడి లేవకముందే అది పేలింది. టైరును రిమ్ము మీద ఆపి పట్టుకునే లాక్ రింగు షెడ్డు రేకులను చీల్చుకొని అవతల పడ్డది. పెద్దమిస్త్రీ ఆడనే పాణం ఇడిసిండు. కేబుల్ పట్టుకున్న పిల్లగానికి ఒక కాలు మోకాలి దాక తీసేసిన్రు. వానికి అప్పటికి మీసాలు గూడ రాలే.

గాలి తీసిన టైరు ఎట్ల పేలిందని చాన రోజులు నాకు సమజ్ కాలే. తర్వాత తెలుసుకున్న. రిమ్ము వేడెక్కితే లోపలి రబ్బరు వేగి, మండే ఆవిర్లు వస్తయి. వాల్వ్ బొక్క చిన్నది, దాంట్ల నుంచి అవి వచ్చినంత జల్ది పోవు. లోపలున్న గాలితోని కలిసి, ఒక వేడి దాటినంక అవే అంటుకుంటయి. అప్పుడు పుట్టే బలం ముందు రిమ్ము, రింగు ఏవీ ఆగవు. వెల్డింగే కానక్కర్లే. బ్రేకు పట్టేసి డ్రమ్ము కాలినా, కరెంటు తీగ తగిలినా, టైరు మీద మంట వచ్చినా అంతే. ఒక్కోసారి వెంటనే పేలది, గంటలు గడిచినంక పేలుతది. ఆస్ట్రేలియా గనులల్ల ఇట్ల అనుమానం వస్తే 300 మీటర్ల దూరం జరిగి, 24 గంటలు దగ్గరికి పోవద్దని చెప్తరు.

అందుకే నీకు ఒట్టు పెట్టి చెప్తున్న. టైరు ఎక్కి ఉన్న రిమ్ము మీద వెల్డింగ్ వద్దు, గ్యాసు మంట వద్దు. తుప్పు పట్టిన వీల్ నట్లు రాకపోతే, "జర వేడి చేద్దాం సార్" అని ఎవడో ఒకడు అంటడు. అన్నోన్ని ఆ రోజుకు ఇంటికి పంపు. నూనె పోసి రెండు రోజులు నాననియ్యి, పొడుగు పైపు పెట్టి తిప్పు, అప్పటికీ రాకపోతే నాకు ఫోన్ చెయ్యి. పగిలిన రిమ్మును అతికించకు, పారెయ్యి. నీ నాయన బండిదే అయినా పారెయ్యి.

ఇంకా ఉన్నది. టైరు మీద అచ్చు చదువు, చివర 25 అని ఉంటే అది అంగుళాలల్ల రిమ్ము సైజు. అంత రిమ్ము ఒక్క ముక్క కాదు. పక్క అంచులు, లోపలి పట్టీ, అన్నిటినీ ఆపి పట్టుకునే లాక్ రింగు వేరే ఉంటయి. టైరు పక్క వైశాల్యం తక్కువల తక్కువ వెయ్యి చదరపు అంగుళాలు అనుకో. 50 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 50 పౌన్ల గాలి ఉంటే ఆ పక్కను 50,000 పౌన్లు తోస్తున్నట్టు, అంటే 22 టన్నుల పైన. తుప్పు తిన్న రింగు దాన్ని ఆపాలె. ఏండ్ల నుంచి నిలబడ్డ బండి గాబట్టి గాలి ఎప్పుడో పోయిందని అనుకోకు. నట్టు మీద స్పానర్ పెట్టే ముందే నాలుగు చక్రాల వాల్వ్ పిన్నులు తియ్యి, బొక్కల సన్న తీగ దూర్చి మట్టి అడ్డం లేదని చూసుకో. మళ్ల గాలి కొట్టేటప్పుడు ఇనుప పంజరంల పెట్టి కొట్టే దుకాణానికే తీసుకపో. గొట్టం పొడుగ్గ ఉండాలె, వాల్వుకు కరుసుకునే క్లిప్పు ఉండాలె, మనిషి గుడ్డ దిక్కు నిలబడాలె. రింగు సరిగ్గ కూసోలేదని గాలి ఉండంగ సుత్తెతోని కొట్టేటోడు దొరికితే, వాని చేతుల నుంచి సుత్తె గుంజుకో. ఇద్దరు మనుషుల బతుకులు నా కండ్ల ముందట పోయినయి అల్లుడా. మూడో మనిషివి నువ్వు కావద్దు.

బండికి నడుము ఉన్నది గదా, స్టీరింగ్ తిప్పితే ముందు సగం, వెనుక సగం మడిచే జాగ. ఆ సందుల మనిషి నిలబడేంత చోటు ఉంటది, స్టీరింగ్ తిరిగితే ఏం మిగులది. దాని పక్కనే అడ్డకడ్డీ ఉండాలె, లాక్ చేసే కడ్డీ. మీ నాయన దానికి ఎర్ర పెయింట్ వేసిండు, ప్రతి పొద్దు తుడిచేటోడు. ఇప్పుడు అది పోయి ఉంటే కొత్తది చేయించేదాక ఆ సందుల తల పెట్టకు. గడ్డపార అడ్డం పెట్టి పని కానిద్దామని చూడకు.

బకెట్ లేపి ఉంచి దాని కింద దూరకు. బకెట్ నేల మీద పెట్టి, ఇంజన్ బంద్ చేసి, లివర్లన్నీ అటిటు కదిలించి లోపలి ప్రెషర్ వదిలేసినంకనే పైపు విప్పు. నూనె ఎక్కడ లీకైతున్నదో చేత్తో తడిమి చూడకు, అట్టముక్క పెట్టి చూడు. సన్న బొక్క నుంచి వచ్చే నూనె తోలును చీల్చుకొని లోపలికి పోతది. సూది గుచ్చినంత గుర్తే ఉంటది, నొప్పి గూడ తెలువది, తర్వాత చెయ్యి కుళ్లుతది. అట్లయితే పసుపు పెట్టి ఊకోకు. నేరుగ వరంగల్ ఎంజీఎం దవాఖానకు పో, హైడ్రాలిక్ నూనె ఎక్కిందని డాక్టర్‌కు ఆ మాటే చెప్పు.

వెనుక యాక్సిల్ ఊగుతదని మర్చిపోకు. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు చక్రాలు ఆనేందుకు దాన్ని అట్ల పెట్టిన్రు. జాకీ మీద బండి లేపితే ఆ ఊగుడే ముంచుతది. ఫ్రేముకు, యాక్సిల్‌కు నడుమ చెక్క ఆపులు కొట్టి, రైలు స్లీపర్ చెక్కలు కట్టకట్టినట్టు పేర్చి, బరువంతా వాటి మీద ఆనినంకనే కిందికి పో. బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు ఆ పొడిని కంప్రెసర్ గాలితోని ఊదకు. ఆ కాలం లైనింగులల్ల ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతోని తుడువు. ఊరి పిల్లలు ఎక్కి కూసుంటరు, సాయంత్రం కాంగనే బ్యాటరీ కేబుల్ తీసెయ్యి. ఎండ కాలంల పదింటి తర్వాత ఆ ఇనుము మీద చెయ్యి ఆనది, తెల్లారుజామునే పని చేసుకో. అన్నం టైముకు తిను. నువ్వు తినకుంటే అక్క గూడ తినది.

ఇంత భయపెట్టినంక ఒక మంచి పని గూడ చెప్త. నడుము దగ్గర రెండు పెద్ద పిన్నులు ఉంటయి, ఒకటి పైన, ఒకటి కింద. పైదానికి అందరూ గ్రీజు కొడ్తరు. కిందిదానికి వంగాలె, మట్టి గోకాలె, గ్రీజు ఎక్కించే నిపుల్ కనబడది, అందుకే దాన్ని మర్చిపోతరు. పాత లోడర్ల నడుము ఒదులయ్యేది ఆ కింది పిన్ను దగ్గరనే. మీ నాయన రోజూ దాని నిపుల్ను గుడ్డతోని తుడిచి, గన్ను పెట్టి, పాత నల్ల గ్రీజు అంచు నుంచి బయటికి వచ్చి, దాని వెనక కొత్త గ్రీజు రంగు కనబడేదాక కొట్టేటోడు. అప్పుడు గన్ను తీసి, ఆ నల్లదాన్ని వేలితోని తుడిచి చూసేటోడు. దాంట్ల ఇసుక తగిలితే సీల్ పోయిందని చెప్పేటోడు. నువ్వు బండి దగ్గరికి పోయినంక, అడ్డకడ్డీ పెట్టి, మొదటి పని అదే చెయ్యి. గ్రీజు దిగుతుంటే ఆ పిన్ను ఇంకా బతికే ఉన్నది, బండి లేస్తది. దిగకపోయినా ఖంగారు పడకు, నిపుల్ మార్చి చూద్దాం.

దసరాకు ముందు నేను వస్తున్న. నా దగ్గర వాల్వ్ పిన్ను తీసే ఔజారు ఉన్నది, మంచి గ్రీజు గన్ను ఉన్నది, రెండూ తెస్త. నేను వచ్చేదాక నూనెలు, ట్యాంకు, వైరింగు చూసుకో. చక్రాలు మాత్రం ముట్టకు. నాలుగు రిమ్ములను, లాక్ రింగు చుట్టూత, పగటి వెలుగుల ఫోటోలు తీసి నాకు పంపు. పక్క నుంచి కాదు, గుడ్డ దిక్కు నిలబడి, ఫోన్ను పొడుగు కర్రకు కట్టి తియ్యి.

మీ మామ