జులైలో అరన్‌హ్వేత్ వెళ్తానన్న మేనకోడలికి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "పిల్ల నన్ను స్పెయిన్ తీసుకెళ్తోందిరా, నువ్వెప్పుడూ చెప్పే ఆ తోటల ఊరు కూడా చూపిస్తుందట" అంటుంటే ఎంత గర్వమేసిందో. మాచర్ల నుంచి హైదరాబాద్ రావడానికే వంద లెక్కలేసుకునే మా అక్క అరన్‌హ్వేత్‌లో తాహో నది ఒడ్డున నిలబడుతుందా అని మురిసిపోయాను. ఎప్పుడే అని అడిగితే జులై రెండో వారం అంది. ఇక నిద్ర లేదు.

రైలు సంగతి నీకు చెప్పేదేముంది, మాడ్రిడ్ అతోచా స్టేషన్‌లో సి-3 లోకల్ ఎక్కితే ముప్పావుగంట. ఊరి పేరు బోర్డు మీద చూసి 'అరాంజుయెజ్' అని అడక్కు, ఎవరికీ అర్థం కాదు, 'అరన్‌హ్వేత్' అను. సోమవారం ప్యాలెస్ మూసేస్తారు. పాస్‌పోర్ట్ గదిలోనే పెట్టి జిరాక్స్ పట్టుకెళ్ళు.

ఇక అసలు సంగతి. 1999 జులైలో నేనూ మీ అత్తా వెళ్ళాం. నేనప్పుడు చరిత్రంతా బట్టీ పట్టి ఉన్నాను. రెండో ఫిలిప్ 16వ శతాబ్దంలో తాహో, హరామా నదులు కలిసేచోట ప్యాలెస్ మొదలెట్టాడనీ, రాజుగారి కొలువుతో సంబంధం లేనివాళ్ళని చాలాకాలం ఊళ్ళో కాపురం ఉండనివ్వలేదనీ, 1750ల్లో ఆరో ఫెర్నాండో కాలంలో గళ్ళనోటు పుస్తకంలో గీసినట్టు తిన్నటి వీధులతో ఊరు కట్టారనీ దారంతా మీ అత్తకు పాఠం చెబుతూనే ఉన్నాను. ఆవిడేమో గొడుగు తేలేదే అంటోంది. "రెంటచింతల ఎండ తిన్నవాళ్ళం, వీళ్ళ ఎండ మనకో లెక్కా?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో వారానికోసారి వినపడుతుంది, నా గొంతుతో కాదు.

పన్నెండింటికి దిగాం. ప్యాలెస్‌లో గోడలూ పైకప్పూ అంతా పింగాణీ బొమ్మలతో కప్పేసిన గది ఒకటుంది, అక్కడే నేను అరగంట నిలబడ్డాను. బయటికొచ్చేసరికి వీధిలో షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి, మధ్యాహ్నం పడుకునే దేశం కదా. నాలుగు దాటితే చల్లబడుతుందిలే అనుకుని, 'రైతు ఇల్లు' అనే రాజుగారి విడిది చూద్దాం పద అని రాణి వీధి వెంట నడిపించాను. అదెక్కడో యువరాజు తోట అవతలి కొసన, దగ్గర దగ్గర మూడు కిలోమీటర్లు ఉంటుంది. మీ అత్త మూడుసార్లు కూర్చుందామంది, మూడుసార్లూ "ఇంకో పది నిమిషాలే" అన్నాను. దారి పొడుగునా పెద్ద చెట్లే, నీడ ఉంది. కానీ గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది, చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతోంది. తీరా వెళ్తే ముందుగా బుక్ చేసుకోనివాళ్ళకి ప్రవేశం లేదన్నారు. నేను వాళ్ళతో వాదిస్తూ వెనక్కి తిరిగేసరికి మీ అత్త గట్టు మీద కూలబడి ఉంది. పేరు పెట్టి పిలిస్తే మాట తడబడింది.

తోటమాలి ఒకాయన చేతిలో గొట్టం పారేసి పరిగెత్తుకొచ్చాడు. నా తువ్వాలు లాక్కుని తడిపి ఆవిడ మెడ మీద వేశాడు. కొంచెం తేరుకున్నాక నావైపు చూసి, నా చేతి గడియారం తట్టి, సూర్యుణ్ణి చూపించి, రెండు వేళ్ళు ఎత్తాడు. ఏమంటున్నాడో ఇంటికొచ్చాక గాని బుర్రకెక్కలేదు. వేసవిలో అక్కడి గడియారం సూర్యుడి కంటే రెండు గంటలు ముందుంటుంది. వాళ్ళ నాలుగున్నరంటే మన రెండున్నర, అసలు మంట అయిదారు గంటలకి. పొద్దు గుంకేది తొమ్మిదిన్నర దాటాక.

ఇంకో సిగ్గుపడే సంగతి. 18వ శతాబ్దపు రాజులు ఆ ఊళ్ళో ఉండేది వసంతంలోనే. ఎండలు ముదిరితే లా గ్రాంహ కొండలకి, ఆకు రాలే కాలంలో ఎల్ ఎస్కోరియల్‌కి, చలికాలంలో ఎల్ పార్దోకి వెళ్ళిపోయేవాళ్ళు. అదీ చదివాను నేను. చదివి, జులైలో పెళ్ళాన్ని తీసుకెళ్ళాను.

అందుకని టికెట్లు మే నెలకి మార్చు. జరిమానా పడితే నేను పంపుతాను, నోరెత్తకు. స్ట్రాబెర్రీలు కూడా అప్పుడే, అక్కడి తోటలకి పేరే వాటితో. కుదరదంటావా, తొమ్మిదింటికల్లా ఊళ్ళో ఉండి ఒంటిగంటకి తిరుగు రైలెక్కు. మోకాలు ఆపరేషనయిన మనిషి చేత రాణి వీధి నడిపించకు, టాక్సీ పిలువు. రైతు ఇల్లు బుక్ అయితేనే వెళ్ళు. నాలుగో కార్లోస్ కట్టించింది, పేరుకే రైతు, గోడలకి పట్టు బట్టలు. మిరప చేలో పెరిగిన మీ అమ్మ దాన్ని చూసి ఏమంటుందో నాకు చెప్పాలి.

నీళ్ళు మాత్రం చేతిలో ఉండాలి. 1808 మార్చిలో ఆ ఊళ్ళోనే జనం తిరగబడితే మంత్రి గొదోయ్ అటక మీద చాపల చుట్టలో దాక్కుని ఒకటిన్నర రోజు ఎవరికీ దొరకలేదు, చివరికి దాహం ఆగక బయటికొచ్చి దొరికిపోయాడు. అదీ మార్చిలో!

ప్యాలెస్ పక్కనే నది చుట్టిన దీవి తోట ఉంది, అమ్మని అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టు. ఆనకట్ట మీంచి నీళ్ళు దూకే చప్పుడు వినపడుతుంది. మూడేళ్ళకే చూపు పోయిన సంగీతకారుడు హోఆకిన్ రొద్రీగో 1939లో గిటార్, వాద్యబృందం కలిసి వాయించే సంగీతం రాసి దానికి ఈ ఊరి పేరే పెట్టాడు. ఆయనకి ఆ తోటలు వాసనా చప్పుడూనే కదా. పాలరాతి బొమ్మల లెక్కలు నీకెందుకు, అమ్మ పక్కన గంటసేపు ఊరికే కూర్చో. నేను మీ అత్తని కూర్చోనివ్వలేదు.

ఇదంతా రాశానని అక్కకి చెప్పకు, "వాడికెప్పుడూ భయమే" అంటుంది. మోకాలి పట్టీ నేను కొరియర్‌లో పంపుతున్నాను. గొడుగు మీ అత్త పంపుతోంది, నల్లది వద్దని తెల్లది వెతికి మరీ కొంది.

మామయ్య